ఆ రాజీ కాగితం రాసింది నేనే

నేను రేపల్లెలో దస్తావేజులు రాసుకుని బతుకుతాను. ఉండేది చెరుకుపల్లి. ముప్పై నాలుగేళ్లుగా పొద్దున్నే బస్సెక్కి వెళ్లడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. క్రయాలు, పంపకాలు, తాకట్లు, వీలునామాలు వేలల్లో రాశాను. పొలం హద్దులు రాసేటప్పుడు తూర్పున ఎవరిది, పడమర ఏ కాలవ అని నాలుగుసార్లు అడిగితే గానీ కలం కదిలించను. అలాంటివాణ్ణి, 2019 సంక్రాంతి వెళ్లిన వారం మా మండలంలోనే ఒక ఊళ్లో, ఒక ఇంటి వసారాలో కూర్చుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా ఒక కాగితం రాశాను. ఆ కాగితం అమెరికాలో ఒక కోర్టు దాకా వెళ్లింది. దాని గురించి చెప్పకుండా ఉంటే నాకు నిద్ర పట్టదు.

ఆ ఇంటాయన నాకు వరసకు తమ్ముడు. రెండెకరాల మాగాణి, కౌలుకు మరో మూడు. కూతురు గుంటూరు పక్కన బీటెక్ చదివింది. 2016లో పెళ్లి చేశారు. అబ్బాయి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్, హెచ్1బీ. అమ్మాయిది హెచ్4, అంటే భర్త వీసా మీద వేలాడే వీసా. ఈ మాట నేను ఇప్పుడు అంటున్నాను. అప్పట్లో నాకూ వాళ్ల నాన్నకూ హెచ్4 అంటే అమెరికా వీసా, అంతే.

జనవరిలో ఒకరోజు పొద్దున ఏడింటికి వీడియో కాల్ చేసింది. అక్కడ రాత్రి ఏడున్నర. ఇంట్లో హీటర్ నడుస్తుంటే మణికట్టు దాకా స్వెట్టరు వేసుకుని ఉంది. తల్లి చూసి, "అంత ఉక్కలో అదేంటే, తియ్యి" అంది. పిల్ల తియ్యలేదు. తల్లి మళ్లీ అడిగింది. అప్పుడు కుడి చేతి మీద స్వెట్టరు పైకి లాగింది. నాలుగు వేళ్ల అచ్చు, కమిలి నల్లబడి ఉంది. అన్నంలో నీళ్లు ఎక్కువయ్యాయట. తర్వాత ఒక్కొక్కటే బయటకొచ్చాయి. పాస్‌పోర్టు అతని ఆఫీసు సొరుగులో ఉంది. బ్యాంకు కార్డు లేదు. సరుకులకు వెళితే బిల్లు తెచ్చి చూపించాలి, డాలరు తేడా వస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

వారం తిరక్కుండా అబ్బాయి తల్లిదండ్రులు కారేసుకుని వచ్చారు. వాళ్ల వైపు ఇద్దరు పెద్దమనుషులు, మా వైపు ఇద్దరు. కాఫీలు, టిఫిన్లు. "పిల్లలు, దూరాభారం, పని ఒత్తిడి" అన్నారు. "కేసులూ గీసులూ అంటే అల్లుడి ఉద్యోగం పోద్ది, ఆ తర్వాత మీ అమ్మాయి మాత్రం ఎక్కడుంటది" అన్నారు. మా తమ్ముడికి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. "రాసెయ్ అన్నాయ్" అన్నాడు. వంద రూపాయల స్టాంపు కాగితం వాళ్లే తెచ్చారు. నా చేతిరాత బావుంటుందని నన్ను పిలిచారు. "జరిగినవి చిన్నపాటి మనస్పర్థలేననియు, ఇకమీదట ఇండియాలో గానీ అమెరికాలో గానీ ఎట్టి ఫిర్యాదులు చేయబోమనియు" అని రాశాను. రెండు వైపులా తండ్రులు సంతకాలు పెట్టారు, పెద్దమనుషులు సాక్షి సంతకాలు చేశారు. కాపురం చేసే ఇద్దరిలో ఒక్కరూ అక్కడ లేరు. ఒకరి పొలాన్ని వేరొకరు అమ్మజూపితే ఒప్పుకోని నేను, ఒక ఆడపిల్ల ఒంటి మీద దెబ్బల్ని వాళ్ల నాన్న చేత మాఫీ చేయించాను.

రెండున్నరేళ్లు గడిచాయి. 2021లో ఒక రాత్రి పక్క అపార్టుమెంటు వాళ్లే 911కి ఫోన్ చేశారు. అంబులెన్సు, ఆసుపత్రి, పోలీసులు. అతను ఇంటి దరిదాపులకు రాకూడదని ఆర్డరు అడిగితే, అతని లాయరు కోర్టులో ఒక కాగితం పెట్టాడు. నా చేతిరాతకు ఇంగ్లీషు తర్జుమా. ఆ పిల్ల ఫోన్‌లో నాతో అన్న మాటలు ఇవీ: "నువ్వు రాసిందే పెదనాన్నా. జడ్జి గారు చదివించారు. కింద సంతకం మీ నాన్నదేనా అన్నారు. అవునన్నాను." నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆసుపత్రి రికార్డు, పోలీసులు తీసిన ఫోటోలు ఉన్నాయి కాబట్టి ఆర్డరు వచ్చింది. అవి లేకపోతే ఆమె మాటకు ఎదురుగా నిలబడేది ఆమె కన్నతండ్రి సంతకమే.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆ పిల్ల వాట్సాప్‌లో నాకు పాఠం చెప్పింది. తన లాయరు చెప్పినవి, తను చదివినవి. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. కాగితాలతో బతికేవాణ్ణి గనక ఆ చట్టాల నడక నాకు తొందరగానే ఎక్కింది. మన ఊళ్లలో తల్లిదండ్రులకు చేరాల్సింది అందులో చాలా ఉంది.

అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అల్లుడి హోదా. ప్యాకేజీ ఎంత, సొంతిల్లు ఉందా అని అడుగుతాం గానీ, సిటిజనా, గ్రీన్‌కార్డా, హెచ్1బీనా అన్నదాని మీద రేపు మన పిల్లకు ఏ తలుపు తెరుచుకుంటుందో ఆధారపడి ఉందని మనకు తెలియదు. అమెరికాలో ఆడవాళ్ల మీద హింసకు వ్యతిరేకంగా 1994లో వచ్చిన చట్టం ఒకటుంది, అక్కడివాళ్లు 'వావా' అంటారు. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి హింసిస్తుంటే, భార్య అతని సంతకంతో పని లేకుండా తన గ్రీన్‌కార్డుకు తనే దారి వేసుకోవచ్చు. ఐ-360 అనే ఫారం. రుసుం లేదు. ఆమె అర్జీ పెట్టిన సంగతి అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు వాళ్లు భర్తకు చెప్పకూడదు, అతనొక్కడే చెప్పిన మాట పట్టుకుని ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదు. పేరులో ఆడవాళ్లని ఉన్నా మగవాళ్లకూ వర్తిస్తుంది. 2006 నుంచి, పౌరుడైన కొడుకో కూతురో హింసిస్తే ఆ తల్లిదండ్రులూ పెట్టుకోవచ్చు. పురుళ్లు పోయడానికి, మనవల్ని సాకడానికి వెళ్లి, అక్కడ నోరెత్తలేక కూర్చున్న పెద్దవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. ఈ ఒక్క వాక్యం వాళ్ల కోసం రాశాను.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే భర్త ద్వారా గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్లకే చెల్లుతుంది. తర్వాత ఇద్దరూ కలిసి సంతకం చేసి షరతు తీయించుకోవాలి. "సంతకం పెట్టను, ఏం చేస్తావో చెయ్యి" అని బెదిరించేది ఇక్కడే. హింస రుజువైతే షరతు తీయించుకునే ఫారం ఆమె ఒక్కతే వేసుకోవచ్చని కూడా చట్టంలో ఉంది. అది తెలియక ఎందరు ఎన్నేళ్లు నోరు కట్టేసుకున్నారో.

మన తెలుగు పిల్లల అసలు కష్టం హెచ్1బీ దగ్గర. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడాదికి ఏడు శాతం దాటకూడదని అక్కడి నియమం. మనవాళ్ల వరస ఏళ్ల తరబడి సాగుతుంది, పదేళ్లు దాటి ఎదురుచూసేవాళ్లు ఎందరో. ఆ వరస కదిలేదాకా భర్త హెచ్1బీ, భార్య హెచ్4. భర్తకు గ్రీన్‌కార్డు రాలేదు కాబట్టి ఆమెకు 'వావా' తలుపు తెరుచుకోదు. విడాకులైతే హెచ్4 ఉండదు. అతనికి శిక్ష పడి దేశం నుంచి పంపించేస్తే ఆమె వీసా కూడా అతనితోనే పోతుంది. ఆ పెద్దమనుషులు వసారాలో అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. అందుకే మా తమ్ముడు భయపడ్డాడు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

అయినా ఆ పిల్లకు దారులు మిగిలాయి. హెచ్1బీ భర్త చేతిలో హింసకు గురైన భార్యకు పని చేసుకునే అనుమతి ఇవ్వాలని 2006లోనే అక్కడ చట్టం చేశారు. దానికి ఫారం చేతికొచ్చింది మాత్రం 2017లో, పదకొండేళ్లు పట్టింది. దాన్ని ఐ-765వీ అంటారు. పని అనుమతి వస్తుంది, వీసా రాదు. మెడలోతు నీళ్లలో ఉన్నవాడికి తాడు అందించినట్టే, ఒడ్డుకు లాగినట్టు కాదు. అయినా సొంత జీతం, సొంత బ్యాంకు ఖాతా అంటే ఆ పిల్లకు ఏమిటో, సరుకుల బిల్లు చూపించాల్సి వచ్చిన రోజులు తెలిసినవాళ్లకు అర్థమవుతుంది.

రెండోది 'యూ' వీసా. 2000లో తెచ్చారు. గృహహింస లాంటి నేరానికి బలైన మనిషి పోలీసులకు, ప్రాసిక్యూటరుకు సహకరిస్తే, ఆ సంగతి వాళ్లు ధ్రువీకరిస్తూ ఒక ఫారం మీద సంతకం చేస్తారు. దాంతో అర్జీ పెట్టుకోవాలి. భర్త హోదా ఏదైనా ఫరవాలేదు, ఆమెకు వీసా గడువు తీరినా ఫరవాలేదు. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు గనక వరస చాలా పొడుగు, ఏళ్లు పడుతుంది. అర్జీలో నిజముందని ప్రాథమికంగా తేలితే, వరసలో ఉండగానే పని అనుమతి ఇచ్చే పద్ధతి 2021 జూన్‌లో మొదలుపెట్టారు. వీసా వచ్చి మూడేళ్లు నిండితే గ్రీన్‌కార్డు అడగొచ్చు. ఈ నియమాలు ప్రభుత్వాన్ని బట్టి బిగుస్తూ సడలుతూ ఉంటాయి, కాబట్టి అడుగు వేసే ముందు అక్కడి ఇమిగ్రేషన్ లాయరును అడగాల్సిందే.

ఈ దారులన్నిటికీ మొదటి మెట్టు ఒక రిపోర్టు. పోలీసు రిపోర్టు గానీ, డాక్టరు రాసిన ముక్క గానీ, స్నేహితురాలికి ఆ రాత్రి పంపిన ఫోటో గానీ. ఇక్కడ కూర్చుని మనం ఏం చెబుతున్నాం? "పోలీసుల దాకా వెళ్లకమ్మా." 2019లో మేము రాసిచ్చిన హామీ అదే. ఆ రెండున్నరేళ్లలో మూడుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని 911 నొక్కబోయి ఆగిపోయానని ఆ పిల్ల చెప్పింది. "నాన్న సంతకం పెట్టాడుగా" అనుకుందట.

మనం చెప్పే రెండో మాట "వచ్చెయ్ తల్లీ, మేమున్నాం." ఇది ప్రేమతో అనే మాట, ప్రాణం మీదికి వస్తే రావాల్సిందే. కానీ విమానం ఎక్కేముందు ఒక్క లాయరునైనా అడగాలి. ఆ ఐ-765వీ పని అనుమతి అక్కడ ఉంటున్నవాళ్లకే. ఒకసారి వచ్చేశాక తిరిగి వెళ్లాలంటే హెచ్4కి మళ్లీ భర్త కాగితాలే కావాలి. అక్కడ పుట్టిన బిడ్డను చంకనేసుకుని కోర్టు ఆర్డరు లేకుండా వస్తే, బిడ్డను ఎత్తుకుపోయిందని అతను అక్కడ కేసు వేస్తాడు. బిడ్డ అంతకుముందు ఆరు నెలలు ఏ రాష్ట్రంలో ఉంటే, పెంపకం సంగతి తేల్చే హక్కు మామూలుగా ఆ రాష్ట్రం కోర్టుకే ఉంటుంది. ఇంటికి రాగానే మనం చేసే మూడో పని, పరస్పర అంగీకారమంటూ హడావుడిగా విడాకులు తీసుకోవడం. భర్త పౌరుడో గ్రీన్‌కార్డు వాడో అయితే విడాకులైన రెండేళ్లలోపే 'వావా' అర్జీ పడాలి. అర్జీ మంజూరు కాకముందే మళ్లీ పెళ్లి చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. "వయసులో ఉంది, ఇంకో సంబంధం చూద్దాం" అని తొందరపడే మేనమామలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడి చట్టాలు కూడా చేతులు ముడుచుకుని లేవు. తిరుపతిలో పెళ్లి చేసుకుని, మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకున్న భర్త కేసులో, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మన తెలుగు కాపురం మీద వచ్చిన తీర్పు అది. అత్తింటి నుంచి వెళ్లగొట్టబడ్డ స్త్రీ తలదాచుకున్న పుట్టింటి ఊళ్లోనే వేధింపుల కేసు పెట్టుకోవచ్చని 2019 ఏప్రిల్‌లో అదే కోర్టు తేల్చింది. అంటే హైదరాబాదో బెంగుళూరో తిరగక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఎన్ఆర్ఐ భర్తల కేసుల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. విదేశంలో లాయరు ఖర్చుకు మన రాయబార కార్యాలయాల ద్వారా ఒక్కో కేసుకు 4,000 డాలర్ల దాకా సాయం అందే పథకం ఉంది. ఆ డబ్బు లాయరుకో సంస్థకో వెళుతుంది. పాస్‌పోర్టు భర్త దగ్గర ఉండిపోతే కాన్సులేట్‌లో కొత్తదానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ పిల్ల హ్యూస్టన్‌లో అదే చేసింది.

ప్రవాస పెళ్లిళ్లు ముప్పై రోజుల్లో రిజిస్టరు చేయాలంటూ 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో తన 287వ నివేదికలో, ఎన్ఆర్ఐలకూ మనవాళ్లకూ జరిగే ప్రతి పెళ్లీ తప్పనిసరిగా రిజిస్టరు కావాలని మళ్లీ చెప్పింది. మన ప్రతినిధులు గ్రీన్‌కార్డు వరస గురించి అమెరికా నాయకులు వచ్చినప్పుడల్లా మాట్లాడతారు. అదే నోటితో హెచ్4 భార్యకు తనదంటూ ఒక హోదా కావాలని అడగరేం? కెనడా 2019 జులై నుంచి కుటుంబ హింసలో చిక్కిన వలసవాళ్లకు రుసుం లేకుండా తాత్కాలిక నివాస అనుమతి ఇస్తోంది. అక్కడ సాధ్యమైంది అమెరికాను అడగడానికి మనకు మొహమాటం దేనికి? అమెరికా తెలుగువాళ్ల తానా, ఆటా సభలకు మన మంత్రులూ నటులూ వెళ్తారు. ఆ వేదికల మీద ఈ మాట ఒక్కసారి గట్టిగా వినిపిస్తే, ఆ హాల్లో పట్టుచీర కట్టుకుని వెనక వరసలో కూర్చున్న ఏ పిల్లకైనా ధైర్యం వస్తుంది.

అక్కడ మనవాళ్లకు ఆసరాగా నిలబడ్డవాళ్లు లేకపోలేదు. న్యూజెర్సీలో 'మానవి' 1985 నుంచి, న్యూయార్క్‌లో 'సఖి' 1989 నుంచి, కాలిఫోర్నియాలో 'మైత్రి' 1991 నుంచి, అట్లాంటాలో 'రక్ష' 1995 నుంచి, హ్యూస్టన్‌లో 'దయ' 1996 నుంచి పనిచేస్తున్నాయి. మన భాష, మన కాపురాల గుట్టుమట్టులు తెలిసినవాళ్లు. అమెరికా అంతటికీ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233. తెలుగు అని చెబితే ఇంటర్‌ప్రెటర్‌ను కలుపుతారు. ఆ నంబరు మా అమ్మాయికి ఎవరిచ్చారో తెలుసా? ఆసుపత్రిలో నర్సు. మేమంతా ఇక్కడ ఉండి ఇవ్వలేకపోయాం.

నాకొక కోరిక ఉంది, ప్రభుత్వం తలుచుకుంటే ఖర్చులేని పని. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు మా దగ్గరికి వచ్చే జంటల్లో సగానికి పైగా వీసా కోసమే వస్తారు. శుభలేఖ, పెళ్లి ఫోటో, పదో తరగతి సర్టిఫికెట్లు, ముగ్గురు సాక్షులు. అమ్మాయి చేతుల మీద గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంటుంది. సర్టిఫికెట్ అబ్బాయి చేతికో మామగారి చేతికో వెళ్లిపోతుంది. ఆ రోజే, ఆ కౌంటరు దగ్గరే, ఒక కాపీ అమ్మాయి చేతికి విడిగా ఇవ్వాలి. దాంతోపాటు తెలుగులో ఒకే ఒక్క పేజీ. ఆపద వస్తే ఏ నంబరు, ఏ కాన్సులేటు, భర్త హోదాను బట్టి ఏ దారి. ఏపీఎన్ఆర్టీ సొసైటీ లాంటి ప్రవాసాంధ్రుల సంస్థ మన రాష్ట్రానికి ఉండనే ఉంది, ఆ పేజీ తయారుచేయడం ఒక పూట పని.

మా తమ్ముడి కూతురు ఇప్పుడు అక్కడే పనిచేసుకుంటోంది. 'యూ' వీసా వరసలో ఉంది. ఎప్పటికి వస్తుందో తెలియదు. నాలుగేళ్లుగా అమ్మను చూడలేదు. బయటికి వస్తే మళ్లీ లోపలికి వెళ్లగలదో లేదోనని భయం. తల్లి మాత్రం వీడియో కాల్‌లో ముందు ఆ పిల్ల చేతులు చూస్తుంది, ఆ తర్వాతే మొహం.

ఆ కాగితం తర్వాత నేను రాజీ కాగితాలు రాయడం మానేశాను. నిరుడు ఒకాయన వచ్చాడు, కూతురు న్యూజెర్సీలో ఉందట, రెండు వైపులా పెద్దలు ఒప్పుకున్నారట. "రెండే ముక్కలు, రాసిపెట్టండి రైటరు గారూ" అన్నాడు. అమ్మాయి ఒప్పుకుందా అన్నాను. "దాన్నేం అడుగుతాం" అన్నాడు. ఫోన్ కలపమన్నాను. కలపలేదు, లేచి వెళ్లిపోయాడు. వేరేచోట రాయించుకునే ఉంటాడు. నా తోటి లేఖరులకు, పెద్దరికం చేసేవాళ్లకు చేతులెత్తి చెబుతున్నాను, దెబ్బలు తిన్న పిల్ల ఎదురుగా లేకుండా ఆమె కాపురం గురించి స్టాంపు కాగితం కొనకండి.

పోయిన శుక్రవారం ఒక జంట వచ్చింది. అమ్మాయిది భట్టిప్రోలు వైపు, అబ్బాయి సియాటిల్ వెళ్తాడట. సర్టిఫికెట్ చేతికొచ్చాక అబ్బాయి ఫోల్డరులో పెట్టబోయాడు. "ఒక్క నిమిషం బాబూ" అని తీసుకుని అమ్మాయికిచ్చాను. "ఫోటో తీసుకుని నీ మెయిల్‌కి పంపుకో అమ్మా. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఆయన కాగితాల కాపీలు కూడా. పాస్‌వర్డు నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు, మీ నాన్నకు కూడా" అన్నాను. అబ్బాయి నవ్వి, "మంచిదే కదండీ" అన్నాడు. మంచివాడే అయ్యుంటాడు. అమ్మాయి బల్ల మీద సర్టిఫికెట్ పరిచి, నాలుగు మూలలూ కనపడేట్టు వంగి ఫోటో తీసింది. మసకగా వచ్చిందని మళ్లీ తీసింది.